మూసిన తలుపుల ముందు సన్నాయి

ఈ కబురు మొదట నా చెవిన వేసింది మా తమ్ముడి భార్య. శ్రీకాకుళం నుంచి విజయనగరం మా ఇంటికి వచ్చి, సంచిలోంచి నాకోసం తెచ్చిన బెల్లం అచ్చు తీసి బల్ల మీద పెడుతూ, మన ఊరి శివాలయం బాగుచేయిస్తున్నారు వదినా, అంది. కొత్త గచ్చు, కొత్త రంగులు, ముఖమంటపం గోడకి ఒక నల్లరాతి పలక. తరతరాలుగా ఆ గుడికి సేవ చేసినవాళ్ళ పేర్లు ఆ పలక మీద చెక్కిస్తున్నారట. ఫోనులో ఫొటో కూడా చూపించింది. కళ్ళద్దాలు పెట్టుకుని చదివాను. పైన మా నాన్నగారి పేరు, ఆ పేరు పక్కన 'సత్యవాక్కుకి మారుపేరు' అని బిరుదు. దాని కింద, తెల్లవారుజాము సేవకి మైకుసెట్టు సమర్పించిన దాత పేరు. ఆ కింద ఇంకా చాలా పేర్లు. నేను వెతుకుతున్న మనిషి మాత్రం అందులో లేడు, సన్నాయి అన్న మాటే ఎక్కడా లేదు. ఫొటో పక్కకి జరిపి చూశాను, పెద్దది చేసి చూశాను. లేడు.

గుడి కమిటీవాళ్ళు ప్రతిష్ఠ రోజున ఒక సంచిక వేస్తున్నారట. నాన్నగారి గురించి, ముఖ్యంగా ఆయన మాటతీరు గురించి, ఎప్పుడు మాట్లాడాలో ఎప్పుడు వినాలో ఆయనకి తెలిసినంతగా ఎవరికీ తెలియదని ఊళ్ళో చెప్పుకుంటారు కాబట్టి దాని గురించి, పెద్దకూతురిగా నన్ను రెండు పేజీలు రాసిమ్మన్నారు. అలా అడుగుతూ వాళ్ళు పంపిన ఉత్తరం మా మరదలు నా చేతికిచ్చి, సంతోషమే కదా వదినా, అంది. నేను మామూలుగా కోపిష్టిదాన్ని కాను. పొద్దున్న లేచి కాలు నేల మీద మోపనిచ్చినందుకు భగవంతుడికి ఒక దణ్ణం, కుళాయిలో నీళ్ళొచ్చినందుకు ఇంకొకటి, ఇలా దణ్ణాలతోనే నాకు సగం పొద్దు గడుస్తుంది. కానీ ఆ ఫొటో చూశాక నాకు ఒళ్ళు మండింది. చల్లారాక రాద్దామని నెల్లాళ్ళు ఆగాను. చల్లారలేదు. అందుకని వేడివేడిగానే రాస్తున్నాను. వేస్తారో వెయ్యరో వాళ్ళిష్టం. అడిగారు కనక చెబుతున్నాను.

మా ఊరు వంశధార ఒడ్డున ఉంటుంది. కళింగపట్నం వైపు నుంచి గాలి తిరిగిందంటే ఎండుచేపల వాసన గర్భగుడి దాకా వచ్చేది. నాన్నగారు ముక్కు చిట్లించి మంత్రం రెండు స్థాయిలు పెంచేవారు. మా పెద్దత్త మాత్రం, పోనీలేరా, వాళ్ళ పంట ఆరుతోంది, అనేది. పెద్దత్త అంటే నాన్నగారి అక్కయ్య. పన్నెండో ఏట పుట్టింటికి తిరిగొచ్చేసింది. మెట్టింట్లో ఆవిడ ఉన్నది మొత్తం మీద నాలుగు నెలలు. తాతగారు గుడిలో అర్చకులే కాక పురాణం కూడా చెప్పేవారు. ఆయన నాన్నగారికి పాఠం చెబుతుంటే తలుపు వెనక కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతూ విని, మొత్తం నేర్చేసుకుంది పెద్దత్త. నాన్నగారికి ఎక్కడైనా తడబాటు వస్తే చేటని చిన్నగా తట్టేదట. ఆ చప్పుడుకి ఆయనకి తరవాతి మాట గుర్తొచ్చేదట. ఈ సంగతి నాన్నగారే నవ్వుతూ చెప్పేవారు. అబద్ధమెందుకు, ఆయనలో అలాంటి మంచి చాలా ఉండేది.

మా ఊళ్ళో బడి అయిదో తరగతితో ఆగిపోయేది. ఆ పైన ఆడపిల్లని ఊరు దాటించి చదివించడం మా ఇంట్లో ఎవరి ఊహకీ రాలేదు. దాంతో నా చదువంతా పెద్దత్త దగ్గర వంటింటి గడప మీద సాగింది. రోజుకో శ్లోకం, దాని అర్థం, ఆ తరవాత దాని మీద కబుర్లు. ఇప్పుడు నేను నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ గడప చలవే. అయితే ఆ చదువులోనే నాకో చిక్కు వచ్చిపడింది. నాన్నగారు సాయంత్రాలు నన్ను కూర్చోబెట్టుకుని చెప్పే నీతి ఒకటి. ఎవరూ అడగనిదే నోరు విప్పకూడదు. అన్యాయంగా అడిగినా చెప్పకూడదు. అన్నీ తెలిసినా మూగవాడిలా మసలుకునేవాడే తెలివైనవాడు. నిజమైనా సరే, ఎదటివాడి మనసు నొచ్చుకునేదైతే దాచుకోవాలి. పెద్దత్త చెప్పే నీతి ఇంకొకటి. నలుగురు కూడి న్యాయం తీర్చే చోటికి పోతే పోకు, పోయాక మాత్రం ఉన్నదున్నట్టు చెప్పు. అక్కడ అబద్ధమాడినవాడికీ, తెలిసి నోరు మూసుకున్నవాడికీ ఒకటే పాపం, ఇద్దరూ పంచుకుంటారు. వీళ్ళిద్దరూ వేరువేరు పుస్తకాల్లోంచి చెబుతున్నారేమో అనుకునేదాన్ని. కాదు. రెండూ మా తాతగారు చదివిన ఒకే పుస్తకంలోవి, నాలుగైదు అధ్యాయాలు అటూ ఇటూ అంతే. ఏది ఎప్పుడు అనేది పుస్తకం చెప్పదు. అది మనమే తేల్చుకోవాలట. పదమూడేళ్ళ పిల్లకి ఏం తేలుతుంది?

ఇప్పుడు పలక మీద లేని మనిషి గురించి చెప్పాలి. పిల్లలమంతా ఆయన్ని సన్నాయి మావ అనేవాళ్ళం. పొద్దెక్కాక క్షురక వృత్తి. కత్తీ దువ్వెనా ఉన్న తోలు పొదితో ఇళ్ళ వెంట తిరిగేవాడు. తెల్లవారుజామునా, పండగలకీ గుడిలో సన్నాయి. ఉత్సవాలకైతే డోలుతో ఆయన బంధువొకడు పొరుగూరి నుంచి వచ్చేవాడు గానీ రోజూ తెల్లారి వాయించేది ఈయనొక్కడే. ఆ సేవకి గుడి మాన్యంలోంచి ఏటిగట్టు పక్కన ఒక చెక్క పొలం ఆయన సాగులో ఉండేది. తాత నాటి నుంచీ ఇంటిల్లిపాదికీ అదే తిండి. సేవ తప్పితే మాన్యం తప్పుతుంది, అదీ కట్టుబాటు.

ఆయనకి ఇంకో కొలువు కూడా ఉండేది. మా ఊళ్ళో పురాణం జరుగుతున్నంతసేపూ ఒక మనిషి ముందు కూర్చుని ఊకొట్టాలి. చెప్పేవాడికి ఊపు రావడానికే కాదు, ఊకొట్టేవాడు లేకపోతే చెప్పిన పుణ్యం గాలికి పోతుందని ఒక నమ్మకం. నాన్నగారు ఏరికోరి ఆ పని సన్నాయి మావకి అప్పగించారు. ఎందుకంటే ఆయన ఊఁ అంటే ఆ ఊఁ శృతిలో ఉండేది. నాన్నగారు పద్యం ఏ స్థాయిలో ఆపితే ఆయన ఆ స్థాయిలోనే అందుకునేవాడు. ముఖమంటపం ఆఖరి మెట్టు మీద, తలపాగా విప్పి ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. అంత బాగా వినేవాణ్ణి నేను ఆ తరవాత ఎక్కడా చూడలేదు.

పెద్దత్తకి నెలకోసారి తల గొరిగే పని కూడా ఆయనదే. ఆ రోజుల్లో మా ఇళ్ళల్లో భర్త పోయినవాళ్ళకి అది రివాజు, ఎవరూ దాన్ని తప్పనుకునేవారు కాదు. పెరట్లో నూతి పక్కన పీట వేసుకుని, మొహం అటు తిప్పుకుని కూర్చునేది ఆవిడ. ఆయన కత్తి నూరుకుంటూ తెల్లారి వాయించిన రాగమే నోట్లో సన్నగా అనుకునేవాడు. ఎక్కడైనా స్వరం జారితే పెద్దత్త తల కదల్చకుండానే, అక్కడ కాదు నాయనా, పొద్దున్న ఇంకోలా వాయించావు, అనేది. ఆయన కత్తి ఆపి, మళ్ళీ అని వినిపించేవాడు. ఆ పని ఆ ఇద్దరిలో ఎవరికీ నచ్చినది కాదని నాకు పెద్దయ్యాక అర్థమైంది. దాన్ని భరించడానికి వాళ్ళు సంగీతాన్ని అడ్డం పెట్టుకున్నారు.

అరవైల చివర ఒక కార్తీకం. ఆ యేడు చలి ముందుగా వచ్చింది. నాన్నగారికి ఉబ్బసం. శ్రీకాకుళంలో వైద్యుడు తెల్లవారుజాము మంచులో తిరగొద్దని గట్టిగా చెప్పాడు. చీకటితో లేచి గుడి తలుపులు తియ్యడం అర్చకుడి పని. అనారోగ్యమని చెబితే ధర్మకర్త అర్చకత్వం పక్కూరి జ్ఞాతులకి ఇచ్చేస్తాడేమోనని నాన్నగారికి భయం. అందుకని ఎవరికీ చెప్పకుండా, రెండు రగ్గులు కప్పుకుని పడుకుని, ఎండ పొడ వచ్చాక వెళ్ళి తలుపులు తీసేవారు. ఊరంతా కోతల్లో మునిగి ఉంది. తెల్లారే సరికి పొలాల్లో ఉంటారు, ఊరికి ఎడంగా ఉన్న గుడివైపు ఎవరొస్తారు, సన్నాయి ఎవరికి వినబడుతుంది? ఆ వేళప్పుడు అటు వచ్చేది ఇద్దరమే. ఏట్లో కార్తీక స్నానం చేసి తడిబట్టలతో వణుక్కుంటూ వచ్చే పెద్దత్త, ఆవిడ కొంగు పట్టుకుని నేను. రోజూ చూసేవాళ్ళం. గుడి తలుపులు మూసే ఉండేవి. మెట్టు మీద సన్నాయి మావ ఒక్కడే కూర్చుని, తలుపులు తీసి ఉన్నప్పుడు ఎలా వాయిస్తాడో అలాగే వాయిస్తూ ఉండేవాడు. ఒక్క స్వరం తగ్గించేవాడు కాదు. పెద్దత్త వాయిద్యం అయేదాకా నిలబడి, మూసిన తలుపులకే దణ్ణం పెట్టి కదిలేది.

పెద్దత్తకి కార్తీకం నెలంతా మౌనవ్రతం. పొద్దుటి స్నానం దగ్గర మొదలుపెట్టి సాయంత్రం గుడిలో దీపం పెట్టేదాకా మాట్లాడదు. ముప్ఫై ఏళ్ళుగా ఒక్కసారి తప్పలేదు. ఆ నెల్లో ఆవిడకి ఏం కావాలన్నా నేనే నోరు. వేలు చూపిస్తే కూరగాయల బేరం నేనే, కనుబొమ్మ ఎత్తితే పాలవాడి మీద కేక నేనే. ఆవిడ చూపుకి అర్థం తెలియదని ఎవరైనా అనచ్చు గానీ నేను అనకూడదు. ఈ ముక్క గుర్తుంచుకోండి, ఎందుకంటే నేను సిగ్గుపడే ముక్క దీంట్లోనే ఉంది.

ధర్మకర్త ఊళ్ళో పెద్ద రైతు, బుగతగారనేవారు. ఆయన అల్లుడు పట్నంలో మైకుసెట్టు కొట్టు పెట్టాడు. గుడికి మైకు పెట్టిస్తే సన్నాయి రికార్డు వేసుకోవచ్చు, మనిషితో పనిలేదు, మాన్యం చెక్క తన సాగులోకి వస్తుంది అని బుగతగారి ఆలోచన. ఇది ఊళ్ళో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనేవారు కాదు. ఒక రోజు పురాణం అయిపోయింది, ప్రసాదం పంచబోతున్నారు, పొద్దు ఇంకా వాలలేదు. బుగతగారు చెయ్యెత్తి అందరినీ కూర్చోమన్నారు. దీపం వేళకి ఇంకో గంట ఉందంతే. ఆ వేళే ఎందుకు ఎంచుకున్నారో నాకు తెలియదు, తెలియనిది చెప్పను. ఈ నెల్లాళ్ళై తెల్లారి మేళం వినిపించడం లేదని మాట వచ్చిందనీ, సేవ తప్పిన మాన్యం గుడికి తిరిగి రావలసిందేననీ అని, ఆఖరి మెట్టు మీద ఉన్న మనిషి వైపు తిరిగారు.

"ఏటి సెప్తావురా?"

సన్నాయి మావ లేచి తలపాగా చేత పట్టుకుని నిలబడ్డాడు. "వాయించినాను బాబూ. ఒక్క పూట తప్పనేదు."

"ఇన్నోడు ఎవుడు మరి?"

ఆయన ఒక్క నిమిషం నాన్నగారి వైపు చూశాడు. పంతులుగారు తలుపే తియ్యలేదు బాబూ అని ఒక్క మాట అంటే తన పొలం తనకి ఉండిపోయేది. అనలేదు. నాన్నగారి అర్చకత్వం పోతుందని అనలేదు. "ఇన్నోడు లోపలున్నాడు బాబూ," అన్నాడు.

లోపలున్నోడు లేచొచ్చి సాక్ష్యం సెప్తాడేటిరా అని బుగతగారు అంటే అందరూ నవ్వారు. నవ్వు సద్దుమణిగాక ఆయన నాన్నగారిని చాలా మర్యాదగా అడిగారు. తలుపులు తీసేది మీరు పంతులుగారూ, మేళం మీకు ఇనిపించినాదా, నేదా, అదొక్కటే సెప్పండి, అన్నారు.

నాన్నగారు పురాణం పుస్తకం గుడ్డలో చుట్టి ముడి వేస్తున్నారు. ఆ ముడి మీంచి చూపు తియ్యకుండా అన్నారు. "నాకు వినబడలేదు."

ఇన్నేళ్ళూ ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూశాను. అందులో అబద్ధం లేదు. రగ్గుల కింద ఉన్న మనిషికి వినబడదు మరి. అదీ నా ఒంటికి నిప్పు పెట్టేది. ఒట్టి అబద్ధం ఆడి ఉంటే ఇంత కోపం ఉండేది కాదేమో. అబద్ధమాడేవాడికి కనీసం తను తప్పు చేస్తున్నానని తెలుస్తుంది. ఈయన నిజాన్ని తూచి, తనకి సరిపడా ముక్క కోసుకుని, మిగతాది ఎదటి మనిషి మెడ మీద పెట్టారు. తనని కాపాడిన మనిషి మెడ మీదే. ఆ వారమే, అదే చోట కూర్చుని, తెలిసి పలకనివాడికి పాపంలో భాగం ఉందని చక్కని గొంతుతో చదివి అర్థం చెప్పారు. ఆ మాటకి శృతిలో ఊకొట్టినవాడు మెట్టు మీద నిలబడి ఉన్నాడు.

ఆడవాళ్ళం స్తంభాల అవతల కూర్చున్నాం. పెద్దత్త నా వైపు తిరిగింది. నా మోకాలి మీద చెయ్యి వేసి, గెడ్డం ఎత్తి అటు చూపించింది. కూరగాయల దగ్గర బేరమాడమని చూపించినట్టే చూపించింది. లేచి చెప్పు అని. నాకు అర్థం కాకపోవడమేమిటి? నేను లేవలేదు. నాన్నగారు అప్పుడే తలెత్తి మా వైపు చూశారు. ఆ చూపులో కోపం లేదు, బెదిరింపు లేదు. బతిమాలుతున్నట్టు ఉంది. అడగనిదే చెప్పకూడదని ఆయన నేర్పిన పాఠం చటుక్కున గుర్తొచ్చింది, దాని వెనక దాక్కున్నాను. నన్నెవరూ అడగలేదు కదా అని మనసులో అనుకున్నాను. శాస్త్రం అంత సుఖంగా నాకు ఎప్పుడూ గుర్తు రాలేదు. పెద్దత్త రెండోసారి మోకాలు నొక్కింది. నేను గచ్చు వైపు చూస్తూ కూర్చున్నాను.

అప్పుడు ఆవిడే లేచి నిలబడింది. పొద్దుట్నుంచీ మాట్లాడని గొంతు మొదట పెగల్లేదు. దగ్గి, సర్దుకుంది.

"ఒరే తమ్ముడూ, నీకు వినబడదు. నువ్వక్కడ లేవు. తలుపులు మూసి ఉన్నా అతను రోజూ వాయించాడు. నేను విన్నాను."

మేమిద్దరం విన్నాం అనలేదు. అంత కోపంలోనూ నన్ను బయట పెట్టలేదు. అందరి తలలూ ఇటు తిరిగాయి. బుగతగారు మాత్రం తొణక్కుండా చేతులు జోడించారు. "అమ్మగోరూ, తమరు నోములో ఉన్నారు కదా. దేవుడికిచ్చిన మాటే దీపం యేళ దాకా నిలపనేకపోనారు. మాకు సెప్పిన మాట నిలబడతాదని ఎలగ నమ్మీది?"

ఒక్కరైనా అదేం మాటండీ అంటారని చూశాను. అనలేదు. పైగా తలలు ఊపారు. మా వైపు నోమంటే అంత పట్టింపు. నోము తప్పినవాళ్ళ చేతి నీళ్ళు కూడా ఆ పూటకి పనికిరావంటారు, ఇంక మాటెక్కడ పనికొస్తుంది? దేవుడి కోసం మూసిన నోటిని మనిషి కోసం తెరిస్తే దేవుడు సంతోషిస్తాడేమో అన్న ఊహ ఆ మంటపంలో ఒక్క బుర్రకి తట్టలేదు. ఇంక నాన్నగారు. వ్రతభంగమైనవారి మాట సాక్ష్యానికి చెల్లదని శాస్త్రం ఉంది, అన్నారు మెల్లిగా. ఆ శాస్త్రం కోసం నేను పెళ్ళయి వచ్చాక కూడా వెతికాను. తాతగారి పుస్తకాలన్నీ చదివాను, తెలిసినవాళ్ళని అడిగాను. లేదు. ఎక్కడా లేదు. ఆయన అక్కడికక్కడ పుట్టించారు, దాంతోనే మాన్యం చెక్క సన్నాయి మావ చెయ్యి దాటిపోయింది. శాస్త్రం మీద ఇంత భక్తి ఉన్నదాన్ని, శాస్త్రం పేరు చెప్పి జరిగిన ఆ పనిని ఎలా క్షమించను?

సాయంత్రం దీపం పెట్టి వచ్చాక పెద్దత్త వంటింటి గడప మీద కూర్చుంది. నన్ను ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండునని చుట్టూ తిరిగాను. చివరికి నేనే అడిగాను, ఒక చోట మాట్లాడకు అనీ ఒక చోట మాట్లాడు అనీ ఉంటే ఏది పట్టుకోవాలి అని. ఆవిడ చెప్పింది. "నీ మీదకొచ్చే మాటయితే విను. ఇంకోళ్ళ మీదకెళ్ళే మాటయితే చెప్పు. ఇంతకన్నా నాకూ తెలీదే." లోపల నాన్నగారు భోంచేస్తున్నారు. మజ్జిగ రెండోసారి అడిగి వేసుకున్నారు. అది కూడా నేను మరిచిపోలేదు.

కార్తీకం వెళ్ళాక సన్నాయి మావ పొదితో పెరట్లోకి వచ్చాడు. సాలూరులో లారీల దగ్గర బస్తాలెత్తే పని ఉందట, బావమరిది రమ్మన్నాడట, ఇంటిల్లిపాదీ ఎల్లిపోతన్నాం అన్నాడు. వెళ్ళేముందు ఆ నెల పని పూర్తి చేసి పోదామని వచ్చాడు. పెద్దత్త పీట మీద కూర్చుంది. ఆ రోజు ఆయన నోట్లో రాగమేదీ లేదు. కత్తి చప్పుడు వినిపించిందంతే. అయిపోయాక పొది కట్టుకుంటూ అన్నాడు. "నా బూమి గురించి తమ నోము పాడైపోనాది అమ్మగోరూ. బూమి పోనాదని కాదు, అదీ నా బాద." నోము నాది నాయనా, పోతే నాదే పోయింది, నీది నిలపలేకపోయాను, అంది పెద్దత్త. నేను తలుపు వెనక ఉన్నాను. ఆయనకి తెలుసనుకుంటాను, గొంతు కొంచెం పెంచాడు. "సిన్నమ్మగోర్ని ఏటీ అనకండి. సిన్న గుంట కదా, బయపడిపోనాది."

ఆయన అంతా చూశాడన్నమాట. మోకాలి మీద చెయ్యి, ఎత్తిన గెడ్డం, అన్నీ. పొలం పోయిన మనిషి నన్ను వెనకేసుకొచ్చి మరీ వెళ్ళాడు. నేను బయటికొచ్చి ఆయన ముందు నిలబడనైనా లేదు.

ఆ తరవాత పెద్దత్త మళ్ళీ ఎవరిచేతా తల గొరిగించుకోలేదు. నాన్నగారు కొత్త మనిషిని పిలిపించారు, పంపించేసింది. తెల్లటి వెంట్రుకలు వేలెడు పెరిగి, భుజాల దాకా దిగాయి. ఊరు నోటికొచ్చినట్టు అంది. అవి తన మీదకొచ్చిన మాటలు కాబట్టి ఆవిడ ఊరికే వింది. మౌనవ్రతం మాత్రం మళ్ళీ పట్టలేదు. పై యేడు కార్తీకానికి గుడి మీద మైకు బూర వచ్చింది. బుగతగారి అల్లుడు తెచ్చిన రికార్డు ఒక్కటే, అది పెళ్ళి మేళం. తెల్లారి లేచేసరికి శివుడికి రోజూ తాళి కట్టేవేళ అయ్యేది. సూది చిక్కుకుంటే పావుగంట సేపు అదే ముక్క. జనం నవ్వుకున్నారు, తరవాత అలవాటు పడ్డారు. సూది చిక్కుకున్నా ఆ బూర చప్పుడుకి ఊరంతా లేచేది. ఆ యేడు నాన్నగారు కూడా వినబడలేదని అనడానికి లేకపోయింది.

నాన్నగారిని ఆఖరి రోజుల్లో చూసుకున్నది నేనే. ఆయన నాకు తిండి పెట్టారు, పెళ్ళి చేశారు, నా బిడ్డలకి పేర్లు పెట్టారు. ఆ ఋణం నేను కాదనను, ఏటా తద్దినం నాడు కన్నీళ్ళు కూడా వస్తాయి. కానీ పోయే ముందు ఒక సాయంత్రం, ఆయాసం కొంచెం తగ్గాక, గోడ వైపు తిరిగి పడుకుని ఆయన అన్నారు. "ఆ రోజు నువ్వైనా చెప్పవలసింది అమ్మా." నేను మందు కలుపుతున్నాను. అడగనిదే నోరెత్తకని నేర్పిన మనిషి, ఆ భారం కూడా నా మీద పెట్టి వెళ్ళిపోయారు. జవాబు చెప్పాలనుకున్నాను. ఆయాసపడుతున్న మనిషిని ఏమంటాను? అప్పుడూ మాట్లాడలేదు.

ఇదంతా రాసే ముందు కమిటీ కార్యదర్శికి ఫోను చేశాను. మా నాన్నగారి పేరు ఉంచండి, ఆ బిరుదు చెరిపెయ్యండి, సన్నాయి వాయించినాయన పేరు ఆ చోట చెక్కించండి, అన్నాను. బిరుదు సంగతి ఆయన దాటేశారు. రెండోదానికి మాత్రం వెంటనే, అలాగే అమ్మా, కింద చోటుంది, పేరు చెప్పండి రాసుకుంటాను, అన్నారు. పాపం, మంచి మనిషి. నేను నోరు తెరిచాను. నాకు పేరు తెలియదు. బుగతగారు ఒరే అన్నారు, నాన్నగారు ఒరే అన్నారు, పెద్దత్త నాయనా అంది, మేము సన్నాయి మావ అన్నాం. నెల్లాళ్ళు ఆగానని చెప్పానే, అందులో సగం రోజులు ఆ పేరు కోసమే తిరిగాను. తమ్ముణ్ణి అడిగాను, ఊళ్ళో మిగిలిన పెద్దవాళ్ళని అడిగించాను, సాలూరు లారీల దగ్గరకి కూడా తెలిసినవాళ్ళ చేత కబురు పెట్టాను. ఎవరికీ తెలియదు. అందరం ఆ సన్నాయి విన్నవాళ్ళమే.

పదమూడో ఏట లేచి నిలబడి ఉంటే ఒక్క ఊపిరిలో అయిపోయే మాట ఇది. చెప్పడానికి నాకు డెబ్భై ఏళ్ళు వచ్చాయి, ఈలోగా ఆ మనిషికి పేరు కూడా లేకుండా పోయింది. కాలం ఇలా తీసుకుపోతుందని ఆ రోజు గచ్చు వైపు చూస్తూ కూర్చున్నదానికి తెలియలేదు. ఇది చదివినవాళ్ళని ఒక్కటి అడుగుతున్నాను. ఎప్పుడైనా మీకు చీకటుండగా మెలకువ వస్తే, దేవుడికి దణ్ణం పెట్టుకునే ముందు, పేరు తెలియకపోయినా సరే, ఆయన్ని ఒక్కసారి తలుచుకోండి.